బూటులో ఐసుముక్క

"ఏమే బాతుపిల్లా, నువ్వా రిబ్బన్లు కట్టేలోపు మా హాకీవాళ్లు మ్యాచ్ ఆడేసి ఇంటికెళ్లి పడుకుంటారే!"

కెనడాలోని విన్నిపెగ్‌లో బ్యాలే నృత్య ఎంపికకు ఇంకా పది నిమిషాలుంది. మేనకోడలు టెస్సా కుడి బూటులో అప్పుడే ఐసుముక్క దాచిన లోర్న్, ఆమె కెవ్వుమంటుందని నవ్వాపుకుంటూ చూస్తున్నాడు.

టెస్సా కాలు దూర్చింది. రిబ్బను బిగించింది. వేళ్ల మీద లేచి నిలబడింది. బూటు కింద నీళ్లు మడుగు కట్టాయి.

"చల్లగా లేదటే?"

"ఏంటి చల్లగా?"

లోర్న్ నవ్వు ఆగిపోయింది. "కాలికి ఏం పూశావే?"

"మొద్దుబారే మందు. కాలివేలి ఎముక చిట్లింది మామయ్యా. టీచరుకి చెప్పకు, నన్ను తీసేస్తుంది."

"బుద్ధుందా? జన్మంతా కుంటుతావే!"

"నువ్వు మాత్రం? హాకీ ఫైనల్ రోజు మోకాలికి ఇలాంటి మందే పూసుకుని కోచ్‌ని బోల్తా కొట్టించలేదూ? ప్రతి క్రిస్మస్‌కీ చెప్పి మమ్మల్ని నవ్విస్తావుగా!"

ఆ ఫైనల్ తర్వాత మళ్లీ ఆడలేకపోయానని మాత్రం అతను ఏ క్రిస్మస్‌కీ చెప్పలేదు.

రిబ్బను విప్పుదామని వంగబోయాడు. ఇరవయ్యేళ్లుగా వంగని మోకాలు ఇప్పుడూ వంగలేదు.

"నువ్వే విప్పెయ్యి తల్లీ," అన్నాడు. "ఆ రోజు బోల్తాపడింది కోచ్ కాదే, నేను."