మింగని మాత్రలు

"ఏదీ, నోరు తెరువు," అంది తల్లి, ములాఖత్ గది జాలీకి ముఖం ఆనించి.

"మింగేశానమ్మా."

"నాలుక పైకెత్తు."

కొడుకు నవ్వేసి ముఖం తిప్పుకున్నాడు. ములాఖత్ వేళకే మందు వేళ కూడా కావడంతో, నర్సమ్మ క్షయ మాత్రలు అక్కడికే తెచ్చిచ్చింది. వాడు నోట్లో వేసుకోవడం ఆమె చూసింది. నర్సమ్మ అటు తిరగగానే అరచేతిలోకి ఉమ్మడమూ చూసింది. నీళ్ళందించే ముసలి ఖైదీ ఖాళీ గ్లాసుతో పాటు వాటినీ పట్టుకుపోవడం చూశాక ఇంకేముంది, కొంప మునిగిందనుకుంది.

"ఎవర్రా ఆ బక్కతాత?"

"మొన్నటిదాకా ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. మంచోడమ్మా."

"మంచోడికి జైల్లో ఏం పని?"

"మరి నాకేం పనో!" అన్నాడు కొడుకు.

ఆమెకు నవ్వు రాలేదు. ముసలాడు మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు. తన బిడ్డ జబ్బు అంటుతుందనేగా! జబ్బు వద్దుగానీ మందు మాత్రం కావాలి కాబోలు. పైగా కొడుకు తన ముందు ఒక్కసారీ దగ్గడు. తల్లి బెంగపడుతుందని ఊపిరి బిగబట్టుకుంటున్నాడు, పిచ్చి సన్నాసి.

బయటికొస్తూ నర్సమ్మను పట్టుకుంది. "మధ్యలో మందు మానేస్తే ఏమవుతుంది తల్లీ?"

"జబ్బు మొండికేస్తుంది. ఆపైన మందులకి లొంగదు. అసలు వీళ్ళని పరీక్షకి రప్పించడమే గగనం. జబ్బని తేలితే పని మాన్పిస్తారు. పని లేకపోతే శిక్ష తగ్గదు. మీవాడే నయం, అడక్కుండానే కఫం తెచ్చిచ్చాడు."

"వాడి మాత్రలు ఆ ముసలాడు కాజేస్తున్నాడమ్మా! అమ్ముకుంటున్నాడో ఏం పాడో!"

నర్సమ్మ ముఖం మాడిపోయింది.

మరుసటి ములాఖత్‌లో నీళ్ళు వేరే మనిషి తెచ్చాడు. కొడుకు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తాతని ఎక్కడికో దూరపు జైలుకి మార్చేశారమ్మా. ఎవరో చాడీలు చెప్పారట."

"ఎవరో ఏమిట్రా, నేనే! పీడ విరగడైంది."

"ఎంత పని చేశావే అమ్మా! ఇంకొన్నాళ్ళు పని చేసుంటే ఆయన ఇంటికెళ్ళిపోయేవాడు."

"ఆయన గొడవ నాకెందుకు? నాకు నీ జబ్బు తగ్గాలి."

కొడుకు జాలీకి నుదురానించాడు.

"పరీక్షకి నేనిచ్చిన కఫం తాతదమ్మా."