పన్నెండో పైపు

బోరు మోటారు వేయగానే నీళ్లకంటే ముందు పెట్రోలు వాసన బిందెలోకి దూకింది.

వెంకటి బిందెను బోర్లించేశాడు.

ఎనిమిది నెలలుగా ఇదే గోస. ఊరికి పైదిక్కున ఉన్న బంకులో, భూమి లోపలి టాంకీ పగిలింది. పెట్రోలు ఇంకి ఇంకి బోర్లలోకి దిగింది. బంకు మూతపడింది కానీ వాసన పోలేదు. వెంకటి బర్రెలు రెండూ చచ్చిపోయాయి. వారానికి రెండుసార్లు వచ్చే ట్యాంకరు కోసం ఊరంతా జమ్మికుంట రోడ్డు మీద బిందెలతో పడిగాపులు కాస్తోంది.

కొడుకు గల్ఫులో, దమ్మాంలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఆరు నెలల కడుపుతో కోడలు తిరుమల. ఇంతకుముందు రెండుసార్లు ఆమెకు కడుపు నిలవలేదు.

"మామా, తానం చేస్తే ఒళ్లంత గదే వాసన. లోపలి పిల్లకు ఏమన్నైతదా?"

వెంకటి ట్యాంకరు నీళ్ల కోసం బిందె అందుకున్నాడు.

ఆ వారంలోనే నీలం పీపాలతో ఒక బండి వచ్చి వాకిట్లో ఆగింది. దిగిన మనిషిని వెంకటి గుర్తుపట్టాడు. నెల కింద వచ్చి, ఇంట్లో ఎందరున్నారో అడిగి, సీసాల్లో నీళ్లు పట్టుకుపోయినవాడే. పేరు అంబదాస్. ఆసిఫాబాద్ దిక్కువాడు. నీళ్లు బాగుచేసే కంపెనీలో పని.

"బోరుకు పైదిక్కున పన్నెండు పైపులు దింపి మందు పోస్తమన్నా."

"ఏం మందు?"

"పుండు మీద పోస్తే బుసబుస పొంగుతది సూడు, గదే. గిది జర ఘాటుది. భూమిల ఉన్న పెట్రోలును మంట లేకుంట కాలుస్తది." గడపలో నిలబడ్డ తిరుమల వైపు చూశాడు. "ముందుగాల వాసన ఇంకింత ఎక్కువైతది. కోడలును వేరే ఇంట్ల ఉంచు."

"ఏ ఇంట్ల ఉంచాలె? ఊరంత గదే వాసనాయె!"

అంబదాస్ పనిలోకి దిగాడు.

మూడో రోజుకు పైపుల నోళ్లలోంచి నురగ, వేడి ఆవిరి. ఇంట్లో కూర్చుంటే కళ్లు మండుతున్నాయి. పక్కింటి లింగమూర్తి గోడ మీదుగా వంగి అన్నాడు.

"వీడు బంకోళ్ల మనిషే వెంకటీ. ఏదో పోసి కేసు మాఫీ చేద్దామని సూస్తుండు."



ఆరో రోజు, పదకొండు పైపులు పూర్తయ్యాక, వంటింట్లో తిరుమల కుప్పకూలింది.

"మామా... కడుపుల నొస్తుందే!"

వెంకటికి లింగమూర్తి మాట గుర్తొచ్చింది. గడ్డపార అందుకుని వాకిట్లోకి ఉరికాడు.

"నా ఇంటిని నాశనం చేసినవ్ కదరా!"

ఒక్క దెబ్బకు పీపా గొట్టం తెగింది. మందు పిచికారీలా లేచి అంబదాస్ ముఖాన పడింది. కళ్లద్దాలు ఊడి కింద పడ్డాయి.

అంబదాస్ రెండు చేతులతో కళ్లు మూసుకుని కూలబడ్డాడు.

బండి డ్రైవరు క్యాను నీళ్లన్నీ అతని ముఖాన కుమ్మరించి, చేయి పట్టి లాగాడు. "దవాఖానకు పోదాం, నడువు!"

"ఆఖరి పైపు ఉన్నది. గిది పోయకపోతే చేసిందంత పాడైతది."

తడుముకుంటూ లేచాడు. కొత్త గొట్టం బిగించి, పన్నెండో పైపులో మందు దిగేదాకా పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాతే బండెక్కాడు.

ఆ సాయంత్రం జమ్మికుంటలో డాక్టరు, తిరుమలకు ప్రమాదం లేదని చెప్పింది.

నెల తిరిగేసరికి వాసన తగ్గింది. రెండు నెలలకు పూర్తిగా పోయింది. పరీక్షకు పంపిన నీళ్లు తాగొచ్చని కాగితం వచ్చింది. మరో నెలకు తిరుమల ప్రసవించింది.

అంబదాస్ ముఖాన పడ్డ మందే కళ్ల ముందు మెదిలి, వెంకటి ఆ రోజు అన్నం ముట్టలేదు. తెల్లారి ఆసిఫాబాద్ బస్సెక్కాడు. అడుగుతూ అడుగుతూ, ఎండ నెత్తికెక్కే వేళకు అంబదాస్ ఊరు చేరాడు.

అంబదాస్ అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి నీడలు మాత్రం ఆనుతున్నాయి.

"ఎవరు?"

"నేను... వెంకటిని."

"వాసన పోయిందా అన్నా?"

"పోయింది."

"కోడలు?"

"ఆడపిల్ల పుట్టింది. ఇద్దరు మంచిగున్నరు."

అంబదాస్ ముఖం విప్పారింది. వెంకటి అతని కాళ్ల మీద పడ్డాడు.

"నా చేతులు ఇరుగ! ఎంత పని చేస్తిని!"

"ఊకో అన్నా. నీ జాగల నేనున్నా గట్లనే చేస్తుంటి."

ఏడ్చి ఏడ్చి వెంకటి గొంతు ఎండిపోయింది. వాకిట్లోని చేతిపంపు కొట్టి దోసిలి పట్టాడు. అంబదాస్ భార్య లోపలినుంచి ఉరికొచ్చి అతని చేయి పట్టుకుంది.

"అవి తాగకు దాదా!"

దోసిట్లోంచి గుప్పున పెట్రోలు వాసన.

వెంకటి దోసిలి విడిచి ఆమె వైపు తిరిగాడు.

"మా ఊరి బంకు టాంకీ సుత పగిలింది దాదా," అందామె, గొంతు తగ్గించి. "గా పీపాలు మా ఊరికే రావాలె ఉండె. 'ఆడ కడుపుతోని ఉన్న పిల్లున్నది, మనది నేను ఎనుక సూస్కుంట' అని, కంపెనోళ్ల కాళ్లయేళ్ల పడి మీ ఊరికి మళ్లించింది ఈయననే."