సున్నపు గీత అవతల

“గీత దాటొద్దు చాచా!”

అమరేందర్ అరుపుకి ముసలాయన ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది.

మూడు రోజులుగా ఇదే వరస. మెదక్‌లో కాలేజీ పిల్లలు సాయంత్రం ఫుట్‌బాల్ మొదలుపెట్టగానే ఆయన వస్తాడు. చెప్పులు విడిచి, మైదానం చుట్టూ పోసిన సున్నపు గీతకు బొటనవేలు ఆనించి నిలబడతాడు.

“జర లోపలికి రానియ్యి, కోచ్ సాబ్. ఒక్కసారి విజిల్ ఊది పోత.”

“ఆటగాళ్ళు, కోచ్ తప్ప ఎవ్వరు గీత దాటొద్దని రూల్ ఉన్నది చాచా.”

“ఎవరు పెట్టిండ్రు?”

“సంగారెడ్డిల, జిల్లా ఆఫీసుల కుర్సీ మీద కూసున్న ఆఫీసర్. బంతిని ఎన్నడన్న తన్నిండో లేదో!”

ముసలాయన పకపకా నవ్వాడు. “కుర్సీల కూసున్నోనికి గడ్డి మీద నడవాలని ఉండదంటవా బేటా?”

అమరేందర్‌కి నవ్వు రాలేదు. మైదానంలో గోదాము కట్టాలని ఊరి పెద్దలు అర్జీ పెట్టారు. ఆ ఆఫీసరే వచ్చి చూసి, మైదానం ఉంచాలో తీసెయ్యాలో తేల్చాలి. జీపులో వచ్చే ఆయన కోసం కుర్చీ, బంతిపూల దండ సిద్ధం. దండ రోజూ వాడిపోతోంది.

“జీపు రాలే గని, గీ చాచా తప్పకుండ వస్తుండు,” అంది సున్నం పోసే బాలనర్సమ్మ. “గా దండ ఈయనకే ఏస్తే పోదా సారూ?”

“నువ్వు గీతలు సక్కగ పొయ్యి!”

ముసలాయన అమరేందర్ మెడలోని విజిల్ వంక చూశాడు. పెదవులు ఊదుతున్నట్టు కదిలాయి. చప్పుడు రాలేదు. చెప్పులు చేతపట్టుకుని, సున్నం అంటిన కాళ్ళతో బస్సు వైపు నడిచాడు.

మర్నాడు ఆయన రాలేదు. జీపూ రాలేదు.

పది రోజులకి సంగారెడ్డి ఆఫీసు జవాను కవరు తెచ్చాడు. మైదానం కాలేజీకే!

అమరేందర్ ఉత్సాహంగా పైకి చదివాడు.

‘మూడు రోజులు గీత బయట నిలబడి చూశాను. ఎంత అడిగినా ఇక్కడి కోచ్ నన్ను లోపలికి రానివ్వలేదు. మైదానం అతని చేతిలో భద్రంగా ఉంటుంది.’

అమరేందర్ మెడలోని విజిల్ తీసి పిడికిట్లో పట్టుకున్నాడు.

“సార్ ఆఫీసులనే ఉన్నడా? ఇప్పుడే బస్సెక్కి వస్త. గీ విజిల్ ఆయన చేతికే ఇస్త.”

జవాను తల దించుకున్నాడు.

“గా సంతకం దవాఖాన మంచం మీద పెట్టిండు సార్. మొన్ననే మట్టిల పెట్టినం.”

అమరేందర్ కాగితం చివరకి చూశాడు.

గులాం మొహియుద్దీన్ అన్న సంతకం కింద, ‘జిల్లా క్రీడల అధికారి’ అని టైపు చేసిన మాటలు కొట్టేసి, వణికే అక్షరాలతో ఆయన రాసుకున్నాడు: ‘ఈ మైదానంలో పదకొండేళ్ళు ఫుట్‌బాల్ కోచ్.’