ఊరి పేరు తగిలించుకున్నవాడు

ఇలా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది.

మేడమీది గది తాళంచెవి గుప్పిట్లో బిగించి, మిషనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బట్టలు కుట్టి కుట్టి ఆవిడకి ఆ పేరే స్థిరపడింది. మనిషిని చూడగానే కొలతలు తీసే కళ్ళు. గది అద్దెకు అడగడానికి మెట్లెక్కి వచ్చినవాణ్ణి పైనుంచి కిందిదాకా కొలిచింది.

"ఎక్కణ్ణుంచి?"

"సరిహద్దు అవతలినుంచి, పెద్దమ్మా."

"చేతిలో ఆ పెట్టేంటి?"

"పనిముట్లు. గడియారాలు బాగుచేస్తాను."

"తాళాలు కూడానా? సరే, ఇంటిపేరు?"

అతను చెప్పాడు. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"అది మా ఊరి పేరు కదయ్యా! చివర ఏదో తోక తగిలించావు, అంతేగా?"

"మా భాషలో ఆ తోకకి 'అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు' అని అర్థం. మా ముత్తాతలది ఈ ఊరేనట. వలస పోయినచోట జనం అలా పిలిస్తే, అదే ఇంటిపేరైంది."

"బాగానే అల్లావు! ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, ఆ ఇంటిపేరున్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడిక్కడ. ఇప్పుడేమంటావు?"

"ఎందుకుంటాడు పెద్దమ్మా? ఊళ్ళో ఉన్నవాణ్ణి ఊరి పేరుతో ఎవరు పిలుస్తారు? ఊరు విడిచినవాడికే ఆ పేరు."

వెనకనుంచి కోడలు గొణిగింది. "అత్తయ్యా, కింద మూటల మీద కూర్చున్న వాళ్ళావిడకి నెలలు నిండినట్టున్నాయి. మబ్బు కమ్ముకొస్తోంది."

"నువ్వూరుకో! ముందు కడుపు చూపిస్తారు, తరవాత కాపురం పెడతారు, ఆపైన ఇల్లే మాదంటారు. పరాయి ఊరివాళ్ళకి ఈ గది ఇచ్చేది లేదు. మాది తరతరాలుగా ఈ మట్టే."

అతను పెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగబోయాడు. "ఎవరింట్లో కాదన్నారని మా ఆవిడ అడుగుతుంది. ఏం చెప్పను?"

"దాచుకునే పేరు కాదులే మాది, చెప్పుకో!" అంటూ మిషనమ్మ తన ఇంటిపేరు వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పింది.

అతని కాలు మెట్టు మీదే ఆగిపోయింది. ఇక్కడ చెవి ఒగ్గి వినండి. రేపు మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు అతనన్న ఈ మాట మాత్రం పొల్లుపోకూడదు.

"పెద్దమ్మా... అది నేను విడిచొచ్చిన ఊరి పేరు!"