ఉప్పు చూసి వెళ్ళు

మిరాన్ సూట్‌కేసు లాక్కుంటూ పెరట్లోకి వచ్చేసరికి, అత్తగారు చలికాలానికి సరిపడా కిమ్చీ ఊరగాయ కోసం ఎర్రటి కారం కలుపుతోంది. పక్కనే క్యాబేజీల గుట్ట.

"వెళ్ళిపోతున్నానత్తయ్యా. యాభై ఏళ్ళొచ్చాయి. జేజు దీవిలో ఒంటరిగా ఉండి డ్రమ్ములు వాయించడం నేర్చుకుంటాను."

"ఏటా కిమ్చీ పెట్టే రోజున నీకు నడుం నొప్పి వచ్చేది. ఈ ఏడు జీవితం నొప్పొచ్చిందా?"

"ఎగతాళి చెయ్యకండి. ఈ ఇంట్లో నేనున్నా లేకపోయినా ఒకటే."

"అక్కడేం తింటావే? నీ వంట కుక్క కూడా ముట్టదు."

"నా తిప్పలు నేను పడతాను."

"సరే, ఉప్పు చూసి వెళ్ళు." అత్తగారు క్యాబేజీ ఆకులో కారం చుట్టి ఆమె నోట్లో పెట్టింది.

మిరాన్ మొహం చిట్లించింది. "ఉప్పుకషాయం! రెండుసార్లు వేశారా?"

"వేశానేమో." ఆవిడ చేతులు ఆగిపోయాయి. "నిరుటి నుంచి నాకు రుచి తెలియడం లేదే. మీ ఆయనకి చెప్పకు. వాడు నన్నిక గిన్నె ముట్టనివ్వడు."

మిరాన్ కోటు విప్పి సూట్‌కేసు మీద పడేసింది.

"ముల్లంగి తురిమి కలిపితే సర్దుకుంటుంది. జరగండి."

"మరి నీ డ్రమ్ముల సంగతి?"

"రేపు వెళ్తాను. మీరూ రండి. నా వంట తినగలిగేది ఇక మీరొక్కరే."