సరిపడా బాధ

"నాలుగింటికల్లా కాగితం హెడ్డాఫీసుకు చేరాలి అక్కా. ఇంగ్లీషులో. నువ్వే రాయాలి."

తమ్ముడు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడే అనేశాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అక్క ఎర్రపెన్నుకు మూత పెట్టింది. దిద్దాల్సిన పేపర్లు ఇంకో బొత్తి ఉన్నాయి. భోజనం బెల్లు కొట్టి పది నిమిషాలైంది.

"ముందు కూర్చో. ఏమైంది?"

కూర్చున్నాడు. వెంటనే లేచాడు. కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు.

"పొద్దున ఫ్యాక్టరీలో గొడవ. కుట్టిన చొక్కాలకు కాలర్లు తిరగబడి వచ్చాయి. దానికి రెండు గంటలు స్టూలు మీద నిలబెట్టడం, చెడిపోయిన చొక్కా మెడలో వెయ్యడం. నలభై మంది ముందు. ఎవరో ఫొటో తీసి పైకి పంపారు. ఏం జరిగిందో రాసి పంపమన్నారు. కాగితం వెళ్ళకపోతే రేపు వాళ్ళే దిగుతారు."

అక్క మొహం జేవురించింది. ఆమెకు కోపం రావడానికి ఇంత అక్కర్లేదు. చిన్నప్పుడు తమ్ముణ్ణి ఎవడైనా 'బక్కోడా' అంటే రాయి అందుకునేది.

"ఎవడు వాడు?"

"పైవాడే."

"పైవాడైతే? దేవుడేం కాదుగా." తెల్లకాగితం ముందుకు లాక్కుంది. "హ్యుమిలియేటెడ్. ఆ మాటే రాస్తా."

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దక్కా. ఆ మాట పడితే ఉద్యోగం ఊడుతుంది. వాళ్ళు కథంతా చదవరు. ఏ మాట రాశారో చూస్తారు. మాటకో శిక్ష."

"ఊడనీ. ఊడాలి."

"ఇద్దరు పిల్లలు వాడికి. రోడ్డున పడతారు."

"గొంతు కోసేవాడికి కత్తి నూరి పెట్టేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశా. నీకెందుకురా వాడి మీద అంత జాలి?"

తమ్ముడు కుర్చీ అంచున కూర్చుని మోకాలు ఊపుతున్నాడు. ఆ ఊపుకు బల్ల మీది పేపర్లు అదురుతున్నాయి.

"సరే, ఇన్సల్టెడ్."

"దానికీ దీనికీ తేడా ఏంటి?"

"హ్యుమిలియేటెడ్ అంటే మనిషిని పదిమందిలో పురుగును చేసి చూపించడం. స్టూలు దిగినా తల లేవదు. ఇన్సల్టెడ్ అంటే కావాలని అవమానించడం. కొట్టాలనే కొట్టాడు, తగిలింది."

"'కావాలని' అని కూడా అందులో ఉందా? అయితే విచారణ వేస్తారు. ఇంకాస్త దించు."

"దించడానికి ఇదేమన్నా పొయ్యి మీద ఎసరా?"

అతను నవ్వలేదు. ఫోన్ తీసి టైము చూశాడు. ఒంటిగంటా ఇరవై.

"అఫెండెడ్," అంది అక్క పళ్ళు బిగించి. "మర్యాద తప్పారు, నొచ్చుకున్నాను అని. ఇందులో వెసులుబాటుంది. 'నీకలా అనిపించిందేమో, నా ఉద్దేశం అది కాదు' అని అవతలివాడు చేతులు దులుపుకోవచ్చు."

"క్షమాపణ చెప్పాల్సొస్తుందా?"

"చెప్పొద్దా మరి?"

"నలభై మంది ముందా?"

"చేసింది ఎంతమంది ముందు?"

తమ్ముడు మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. గ్రౌండులో పిల్లలు అరుస్తున్నారు. ఆ అరుపులకు కూడా ఉలిక్కిపడుతున్నాడు.

"హర్ట్ అని రాస్తే?"

"అది లోపలి నొప్పి. అయినవాళ్ళు ఒక మాటన్నా హర్టే, ముల్లు గుచ్చుకున్నా హర్టే. ముల్లు మీద ఎవరూ కేసు పెట్టరు."

"నొప్పి అన్నాక ఎవరో ఒకరు తవ్వుతారు. ఇంకా చిన్న మాట లేదా?"

అక్కకు ఒళ్ళు మండింది. "ఎందుకు లేదు? ఇంగ్లీషువాడికి మాటలకు కరువా? మిఫ్డ్ ఉంది. పుట్టినరోజుకు పిలవలేదని మూతి ముడుచుకుంటారే, అది. అప్‌సెట్ ఉంది. బస్సు తప్పినా అప్‌సెట్టే. వానొచ్చి ఆరేసిన బట్టలు తడిసినా అప్‌సెట్టే. అందులో చేసినవాడే ఉండడు."

"చేసినవాడే ఉండడా?" గబుక్కున వెనక్కి తిరిగాడు.

"వెటకారానికన్నాన్రా."

"అదే రాయి."

అక్క పెన్ను బల్ల మీద పడేసింది. "రాయను. పద, నేనే వస్తా ఫ్యాక్టరీకి. ఏ మాటకు ఏ అర్థమో వాడి మొహం మీదే చెబుతా."

తమ్ముడి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఆమె కుర్చీకీ తలుపుకీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"నువ్వొస్తే నా బతుకు అక్కడితో సరి. దండం పెడతా. రాసిపెట్టు."

అన్నంత పనీ చేశాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, రెండు చేతులూ ఎత్తి. అక్కకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దెబ్బ తిన్నవాడే దండం పెట్టాల్సిన లోకం ఇది అనుకుంది. పెన్ను తీసుకుంది.

ఈ ఉదయం జరిగినదానికి నేను కొంచెం అప్‌సెట్ అయ్యాను. ఇప్పుడు ఏమీ లేదు. ఇంగ్లీషులో ఈ రెండే వాక్యాలు. 'కొంచెం' అన్న మాటా, రెండో వాక్యమూ అతనే అడిగి రాయించుకున్నాడు.

"సరిపోయిందా నీ బాధకు?"

"చాలు."

"బాక్సులో సగం అన్నం ఉంది. రెండు ముద్దలు తిని వెళ్ళరా."

అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

మూడున్నరకు ఫ్యాక్టరీలో తన కేబిన్ తలుపు తీసి, వరసలో మూడో కుట్టుమిషను ముందున్న ఆవిడను లోపలికి పిలిచి, "పొద్దున నేను నిన్ను స్టూలు మీద నిలబెట్టినందుకు నీకెంత బాధ కలిగిందో మా అక్క చేత ఇంగ్లీషులో రాయించుకొచ్చాను, ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు.