దాని రంగు

"ఇది మా అమ్మి కాదు బాబూ," అంది అప్పమ్మ, కంప్యూటర్ తెర మీది మొహం చూసి.

దామంజోడి బజారులో ఫొటో స్టూడియో నడిపే శ్రీహరి తడబడ్డాడు. చనిపోయిన ఆమె కూతురు ప్రణతికి రేపు పెద్దకార్యం. దండ వెయ్యడానికి ఫొటో కావాలి.

"ప్రణతిదేనమ్మా. నిరుడు టెన్త్ పరీక్షలకి నేనే తీసేను కదా."

"ఇంత తెల్లగా ఉండీది కాదు. దాని రంగు దానికిచ్చియ్యి."

శ్రీహరి ఆమె వైపు తిరిగాడు. బడిలో చేర్చిన నాటి నుంచీ ప్రతి ఫొటోకీ ఈవిడే వెనక నిలబడి, "ఇంకాస్త వెలుతురు పెంచు బాబూ, పిల్ల మొహం వెలగాల" అనేది. ప్రణతి నేల చూస్తూ నిలబడేది.

"దిద్దకముందువి దాచలేదమ్మా. ఫోన్లో ఏవైనా ఉన్నాయేటి?"

"ఫోనెత్తితే మొహం దాసీసుకునీది."

"అయితే ఎంత తగ్గించాలో మీరే సెప్పాల."

అప్పమ్మ చెప్పబోయి ఆగిపోయింది. పదహారేళ్లూ ఆ రంగుని బొగ్గు అంది, మసి అంది. ఇంకో మాట ఆమె దగ్గర లేదు.

శ్రీహరి మౌస్ కదిపాడు. తెర మీద మొహం కొద్దికొద్దిగా నల్లబడింది.

"ఇంతా?"

"కాదు."

"ఇంతా అమ్మా?"

అప్పమ్మ కొంగు చాటు నుంచి చెయ్యి తీసి, తెర మీద కూతురి చెంప పక్కన ఆనించింది.

"ఇదిగో, ఇంత," అంది. "నా రంగే దానిది."